చూడబోయి మింగేసిన నాలుగు అక్షరాలు

నా మొదటి ఉద్యోగం జూబ్లీ హిల్స్‌లో అని చెబితే, మా ఊళ్లో వాళ్లు నేనేదో పెద్ద అద్దాల భవనంలో కూర్చుంటున్నానని అనుకున్నారు. వాళ్ల భ్రమను నేనూ చెడగొట్టలేదు. నిజానికి అది ఒక ఇంటి కింది భాగం. హాల్లో ఆరు కంప్యూటర్లు, భోజనాల గదిలో మా సార్ బల్ల, ఒకప్పుడు బియ్యం బస్తాలు పెట్టుకున్న చిన్న గదిలో సర్వర్. ఆ గదికి మాత్రం ఏసీ బిగించారు. మేమంతా ఫ్యాన్ కింద చెమటలు కక్కుతుంటే ఆ ఇంట్లో హాయిగా బతికింది ఆ సర్వర్ ఒక్కటే. ఎండాకాలంలో దాని బాగోగులు కనుక్కునే నెపంతో ఒకరి తర్వాత ఒకరం ఆ గదిలోకి వెళ్లి నిలబడేవాళ్లం.

నాది నల్గొండ వైపు పల్లె. అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేసి, వెంగళరావు నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటూ, ఇరవై రెండు ఇంటర్వ్యూలు తిరిగాక దొరికిన ఉద్యోగం అది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ వాడికి తగులుతుందని జోకులు వేసేవాళ్లు. ఆ రాయి నాకు తగలడానికి ఏడాది పట్టింది. అందుకని ఉద్యోగం అంటే భయం, భక్తి రెండూ ఉండేవి. ఆరు నెలలు పరీక్షా కాలం, ఆ తర్వాతే ఖాయం చేస్తామన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది కానీ ఆఫీసులో దాన్ని నానా తంటాలు పడి దాచుకునేదాన్ని. ఆఫీసులో అందరిలాగా 'వచ్చాడండి, చెప్పానండి' అని మాట్లాడేదాన్ని. కోపం వచ్చిందంటే మాత్రం మా ఊరి మాట బయటపడేది. నేను 'ఏంది' అన్నానంటే మిగతా ఐదుగురూ తలలు దించుకుని పని చేసుకునేవాళ్లు.

మేం చేస్తున్న పని ఒక డబ్బింగ్ వెబ్‌సైటు. వేరే భాషల సీరియళ్లు తెలుగులోకి వరసగా వస్తున్న కాలం. ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు కావాలి. గొంతు ఇచ్చేవాళ్లు అంతవరకు తమ నమూనా సీడీ చేత పట్టుకుని ఫిలింనగర్‌లో ఆఫీసు ఆఫీసుకూ తిరిగేవాళ్లు. ఆ తిరుగుడు తప్పించడానికి గొంతులు ఎంపిక చేసే కోఆర్డినేటర్ ఒకాయన మా సార్‌ను పట్టుకుని ఈ సైటు చేయించుకున్నాడు. ఆర్టిస్టులు తమ గొంతు ఫైలును అందులోకి పంపిస్తే ఆయన తన ఆఫీసులోనే కూర్చుని వింటాడు. ఫైలు పంపే పేజీ, దాని వెనక సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ రెండూ నావే.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఆర్టిస్టులు నెట్ సెంటర్ల నుంచి పంపేవాళ్లు. మధ్యలో లైను తెగిపోయేది. సర్వర్‌లో ఫైలు పేరు ఉండేది, లోపల ఏమీ ఉండేది కాదు. కోఆర్డినేటర్ విసుక్కున్నాడు. మా సార్ నన్ను పిలిచి, వచ్చిన దాన్ని దాచుకునే ముందు అది చదవడానికి వీలుగా ఉందో లేదో చూడమన్నాడు. ఇది ఆయన చెప్పిన మాట. దీన్ని అర్థం చేసుకున్న తీరు మాత్రం పూర్తిగా నా ఘనత.

సర్వర్ వైపు ప్రోగ్రామ్‌కు బయటి ఫైలు మొత్తం ఒక్కసారిగా వచ్చి చేతిలో పడదు. కొంచెం కొంచెంగా ధారలా వస్తుంది. దాన్ని స్ట్రీమ్ అంటారు. దాన్ని చదవవచ్చో లేదో చూడమన్నారు కదా, నేను ఏం చేశానంటే, కొంచెం చదివి చూశాను. మొదటి నాలుగు అక్షరాలు చదవడం, అవి వస్తే బాగున్నట్టు లెక్క, మళ్లీ మొదటికి వెళ్లి మొత్తం దాచుకోవడం. నా కంప్యూటర్లో ఉన్న ఫైళ్లతో పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక శనివారం దాన్ని సర్వర్ మీద పెట్టి, నా భుజం నేనే తట్టుకుని హాస్టల్‌కు వెళ్లిపోయాను. ఎక్కడైనా లోపం వస్తే చప్పుడు చేయకుండా ముందుకు పోవాలని కూడా ప్రోగ్రామ్‌లో రాసి పెట్టాను. పంపేవాళ్లకు అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు తెర మీద పడితే బాగుండదని నా మర్యాద.

సోమవారం ఉదయం ఆవిడ వచ్చింది. యాభై దగ్గర పడుతున్న మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి, అందులో వేడి నీళ్ల ఫ్లాస్కు. కృష్ణానగర్ నుంచి ఆటోలో చెక్ పోస్ట్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఎక్కుడు దారి నడిచి వచ్చానని చెప్పింది. నెట్ సెంటర్ కుర్రాడు ఇంత పెద్ద ఫైలు పోదన్నాడట, మీ దగ్గరే పంపించవచ్చా అని అడిగింది. గొంతు వినగానే మా హాల్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఎక్కడో విన్న గొంతే, కానీ ఎవరిదో చెప్పలేం. ఒకప్పుడు కథానాయికల పక్కనుండే స్నేహితురాళ్లకు, తర్వాత వదినలకు, అత్తలకు మాట ఇచ్చిందట. ఏడాదిన్నరగా సరైన పిలుపు రాలేదని తనే చెప్పింది, ఏమాత్రం దాపరికం లేకుండా.

ఇప్పుడు ఒక పెద్ద సీరియల్లో తల్లి పాత్ర ఉందట. రోజూ వచ్చే సీరియలు. ఆ పాత్ర దొరికితే ఏళ్ల తరబడి పని ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల గొంతులు చేరాలి, అప్పటికి ఉన్నవాటిలోంచి ఎంచుకుంటారు. ఫిలింనగర్‌లో ఒక స్టూడియో రికార్డిస్టు పాత పరిచయం కొద్దీ తీరిక చేసుకుని ఆవిడ నమూనా రికార్డు చేసి సీడీ రాసిచ్చాడు. ఆ సీడీని చీర కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. ఉద్యోగంలో కొత్తగా చేరానని మాటల్లో చెబుతూ నేను పంపించాను. తెర మీద 'చేరింది' అని వచ్చింది. ఆ మాట ఆవిడకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని వంగి చదువుకుని, సీడీ తిరిగి సంచిలో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి వెళ్లింది.

మంగళవారం మధ్యాహ్నం కోఆర్డినేటర్ ఆఫీసు నుంచి ఫోన్. ఆవిడ ఫైలు తెరుచుకోవడం లేదు, మళ్లీ పంపమనండి అని. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. ఏమైందమ్మా అని అడిగింది. ఒక్క నిమిషం ఆగి నా ప్రోగ్రామ్ చూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను ఆగలేదు. నా ప్రోగ్రామ్‌లో తప్పు ఉండవచ్చనే ఆలోచనే నాకు రాలేదు. సీడీ సరిగ్గా రాయలేదు మేడమ్, అది రికార్డింగ్ వాళ్ల పొరపాటు, వాళ్లనే అడగండి అన్నాను. అంత నమ్మకంగా చెప్పాను కాబట్టి ఆవిడ ఇంకేమీ అడగలేదు. సరేనమ్మా అని పెట్టేసింది.

బుధవారం సాయంత్రం రెండో సీడీ తెచ్చింది. ఈసారి మనిషి కాస్త నలిగినట్టు కనిపించింది, కూర్చోమంటే కూర్చోలేదు. మళ్లీ పంపాను, మళ్లీ 'చేరింది' అని వచ్చింది. గురువారం పొద్దున్నే మళ్లీ ఫోన్. అదే మాట, తెరుచుకోవడం లేదు. కోఆర్డినేటర్ ఆఫీసు అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది, ఇక వదిలేయమనండి, ఆవిడ కోసమే కూర్చోలేం కదా అని. ఆవిడకు ఆ మాట చెప్పే బాధ్యత నాది. చెప్పలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. రికార్డింగ్ వాళ్ల మీద తగని కోపం వచ్చింది. ఒక సీడీ సరిగ్గా రాయలేని మనుషులు స్టూడియోలు ఎందుకు పెట్టుకుంటారో అని మా ఊరి భాషలో గట్టిగానే అన్నాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. ఇంటి ఓనర్ పైన ఉండేవాడు. ఆయన మద్రాసులో కెమెరా అసిస్టెంటుగా మొదలై, సినిమా వాళ్లు ఇటు తరలి వచ్చినప్పుడు తనూ వచ్చి, ఇక్కడంతా బండరాళ్లు ఉన్నప్పుడు జాగా కొనుక్కున్న మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, తన పాత సామానంతా మెట్ల పక్కన ఎండలో పెట్టి తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ రోజు ఫిలిం డబ్బాలు తుడుస్తున్నాడు. గుండ్రటి రేకు డబ్బాలు, చుట్టూ పాత టేపు. నా ముఖం చూసి, ఎవరి మీదమ్మా అంత కోపం అన్నాడు. నేను చెప్పుకొచ్చాను. ఫైలు వస్తుంది, పాడైపోయిందేమో అని నేను ముందే జాగ్రత్తగా చూస్తాను, అయినా వాళ్లు పాడు ఫైళ్లే పంపుతున్నారు అని.

"చూస్తానంటున్నావు, ఎలా చూస్తావు?" అన్నాడు.

కొంచెం చదివి చూస్తానండీ అన్నాను.

"మరి చూసిన ముక్క ఏమైంది?"

మళ్లీ మొదటికి వెళ్తాను కదా అనబోయాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నా కంప్యూటర్లో ఉన్న ఫైలు ఒక చోట కూర్చుని ఉంటుంది, ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్లి చదవవచ్చు. సర్వర్‌కు నెట్‌లోంచి వచ్చేది కుళాయి నీళ్ల లాంటిది. పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలేస్తే పోయినట్టు. వెనక్కి వెళ్లడం కుదరదు. కుదరదని అది నాకు చెప్పే ఉంటుంది. చప్పుడు చేయకుండా ముందుకు పొమ్మని దాని నోరు నొక్కింది నేనే.

ఆయన ఇదంతా తెలియకుండానే తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. కొత్తలో ఆయన కూడా ఇలాంటి పనే చేశాడట. షూటింగ్‌లో నల్ల గుడ్డ సంచిలో చేతులు దూర్చి, కళ్లతో చూడకుండా, కేవలం వేళ్లతో తడుముకుంటూ ఫిలిం మార్చే పని ఆయనది. తీసిన ఫిలిం ఉన్న డబ్బాకు ఒక రంగు టేపు, ఇంకా వాడనిదానికి ఇంకో రంగు. ఒక రోజు ఒక డబ్బాకు టేపు అంటించడం మరిచిపోయాడు. లోపల ఫిలిం ఉందో లేదో అని మూత తీసి చూశాడు, పట్టపగలు, ఎండలో. ఉంది. అంతవరకు ఉంది. ఆ రోజు పొద్దుటి నుంచి తీసిన సన్నివేశమంతా ఆ ఒక్క చూపుకు తెల్లగా అయిపోయింది. ఆ సినిమా నుంచి తీసేశారు, చాలా రోజులు ఎవరూ పిలవలేదు. లోపల ఏముందో టేపును అడగాలి గానీ మూత తీసి కాదమ్మా, అన్నాడు. తీసేశారన్న మాట వినగానే లేచాను. అన్నం డబ్బా అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

ఆయనకు నేను ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోయినందుకు ఆయన ఏమనుకున్నాడో తెలియదు. అన్నం డబ్బా మాత్రం మూత పెట్టి, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో ఉంచి పైకి వెళ్లాడు. సాయంత్రం చూసుకున్నాను. ఇన్నేళ్లలో ఎంతోమంది దగ్గర పని నేర్చుకున్నాను. వాళ్లందరి పేర్లూ నా బయోడేటాలో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. నాకు అసలైన పాఠం చెప్పిన ఆ మనిషి పేరు ఎక్కడా రాసుకోలేదు. ఆయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

మేం ప్రోగ్రామ్‌లు రాసే భాషలోనే ఒక సిద్ధమైన ప్రశ్న ఉంది, క్యాన్ రీడ్ అని. స్ట్రీమ్‌ను ముట్టుకోకుండా, ఒక్క అక్షరం కూడా ఖర్చు చేయకుండా, నిన్ను చదవవచ్చా అని అడిగితే అవుననో కాదనో చెబుతుంది. వెనక్కి వెళ్లవచ్చా అని అడగడానికి ఇంకో ప్రశ్న ఉంది. అమీర్‌పేటలో రెండూ చెప్పారు, నోట్సులో నా చేతి రాతతోనే ఉన్నాయి. అడగడం కంటే చూడటం గొప్ప అనుకునే రకాన్ని నేను. సర్వర్‌లో ఆవిడ ఫైలు తెరిచి చూశాను. గొంతంతా ఉంది. మొదట్లో ఉండాల్సిన నాలుగు అక్షరాలే లేవు. ఆ రకం ఆడియో ఫైలు ఏదైనా ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అని మొదలవుతుంది. అవి లేకపోతే కంప్యూటర్ దాన్ని గొంతుగా గుర్తుపట్టదు, పాడు ఫైలు అంటుంది.

ఇక్కడే నా అదృష్టం. నేను మింగేసిన నాలుగు అక్షరాలు అందరి ఫైళ్లలోనూ అవే. తెలిసిన గొంతని ఆవిడది ఒక్కటే ముందుగా తెరిచారు గానీ, మిగతావి కోఆర్డినేటర్ ఆఫీసులో శుక్రవారం వినడానికని అలాగే ఉంచారు. శనివారం నుంచి చేరిన పదకొండు ఫైళ్లకూ వాటిని తిరిగి మొదట్లో అతికించాను. ఒక్కోటి తెరిచి చూశాను, తెరుచుకున్నాయి. ప్రోగ్రామ్ సరిచేశాను. సాయంత్రం ఐదు కాకముందే అన్నీ బాగైపోయాయి. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మా సార్‌కు చెప్పాను. ఆయన తిట్టలేదు. కాసేపు పెన్ను తిప్పుకుంటూ కూర్చుని, బాగు చేశావు కదా, సర్వర్ మెయింటెనెన్స్ అయిందని చెబుదాం, తవ్వుకోవడం దేనికి అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. నిజం చెప్పాలంటే చాలా బాగుందనిపించింది.

కానీ ఒక మాట నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. రికార్డింగ్ వాళ్లనే అడగండి అన్నాను కదా. ఆవిడ వెళ్లి అడిగే ఉంటుంది. ఉచితంగా రికార్డు చేసిచ్చిన మనిషితో, నీ సీడీ చెడిపోయింది అని గొడవపడే ఉంటుంది. ఫైలు బాగైంది గానీ వాళ్లిద్దరి మధ్య నేను పెట్టిన తగవు ఏ ప్రోగ్రామ్‌తో బాగవుతుంది? ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చేరింది కదమ్మా, అదే చాలు అంది. రేపు నేను స్టూడియోకు వెళ్లి ఆయనకు కూడా చెబుతాను మేడమ్ అంటే, వద్దు అంది. అవసరం లేదని రెండుసార్లు గట్టిగా చెప్పింది. నా మీద కోపం పోలేదు కాబోలు అనుకున్నాను.

మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. శుక్రవారం పొద్దున ఆఫీసుకు రాలేనని చెప్పి ఆటో ఎక్కాను. ఫిలింనగర్‌లో ఆ స్టూడియో ఒక సందులో, కింద టైలరింగ్ షాపు, పైన రికార్డింగ్ గది. నేను వస్తానని ఊహించినట్టుంది, ఆవిడ అప్పటికే అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దన్నట్టు. నేను ఆగలేదు. లోపల బోర్డు ముందు కూర్చున్న రికార్డిస్టు దగ్గరికి వెళ్లి, నిలబడే అంతా చెప్పాను. ఆయన పాతబస్తీ వైపు మనిషి, నెరిసిన గడ్డం, చెవి వెనక పెన్సిలు. మీ సీడీలో ఏ లోపం లేదు సార్, తప్పు నాది, ఆ మేడమ్ మిమ్మల్ని ఏమన్నా అని ఉంటే అది నా మాట పట్టుకుని అన్నదే, ఆమెను ఏమీ అనకండి అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సీడీ ఖరాబున్నదని ఆమె నాకు ఎన్నడు చెప్పలే బిడ్డా," అన్నాడు.

మరి రెండోసారి ఎందుకు రికార్డు చేశారని అడిగాను.

"నా గొంతే మంచిగ రాలేదన్నది. ఇంకోసారి చదువుతనన్నది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, ఆమె రెండో టేకు అడగంగ నేను విన్లే. నాకే జర ఫికరైంది. నిన్న కోఆర్డినేటర్ ఫోన్ చేస్తే గదే చెప్పిన, ఆమె గొంతు పోయినట్టుందని."

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చీర కొంగు సర్దుకుంటోంది. ఎందుకు మేడమ్ అలా చెప్పారు అన్నాను.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మంగళవారం ఇంటి పక్కవాళ్ల కంప్యూటర్లో సీడీ వేసి విందట. చక్కగా ఉంది. సీడీలో లోపం లేదని ఆవిడకు ఆ రోజే తెలుసు.

"కొత్త ఉద్యోగం అన్నావు కదమ్మా. నేను వచ్చి గొడవ పెడితే నీ మీదకొస్తుంది. ఈయన్ని అంటే పాపం ఈయన బాధపడతాడు. గొంతు నాది, నా మీద వేసుకుంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను," అంది.

నష్టం లేదట. డబ్బింగ్ చెప్పుకుని బతికే మనిషి, తన గొంతు చెడిపోయిందని తానే చెప్పుకుంది. అదీ ముక్కూ ముఖం తెలియని నా కోసం. వారం రోజులుగా నేను ఎవరెవరి మీద మండిపడ్డానో అందరూ ఒకరి తర్వాత ఒకరు గుర్తొచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గదిలో నిలబడటానికి కూడా చోటు చాలనట్టు అనిపించింది.

రికార్డిస్టు అప్పటికే ఫోన్ అందుకున్నాడు. కోఆర్డినేటర్‌తో, నిన్న నేను చెప్పింది తప్పు, ఆమె గొంతుకు ఏం కాలేదు, ఫైలు పాడైంది వేరే కారణం, మొదటి టేకు వినమని చెప్పాడు. ఆ కారణం ఎవరని అడిగినట్టున్నారు, నా వైపు చూసి, మిషన్ల తప్పు అన్నాడు. నేను ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపాను. నేనే చెప్పాను, ప్రోగ్రామ్ రాసింది నేనే, తప్పు నాదే అని. కోఆర్డినేటర్ అవతల కసురుకుని, సరే వింటాం అన్నాడు. అప్పటికి పదకొండు దాటింది.

ఆ పాత్ర ఆవిడకే వచ్చిందని ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది అది కాదు. నా ఉద్యోగమూ పోలేదు. సార్ పదిహేను రోజులు ముభావంగా ఉండి తర్వాత మామూలయ్యాడు. నేను చెప్పాలనుకున్నది, ఆ ఫోన్ పెట్టేశాక, కబురు కోసం ఎదురు చూస్తూ ముగ్గురం కూర్చున్న ఆ అరగంట గురించి.

ఆవిడ ఫ్లాస్కు మూతలో వేడి నీళ్లు పోసి నాకిచ్చింది. ఏడుస్తున్నానని నాకు తెలియదు, ముక్కు తుడుచుకోమని కర్చీఫ్ కూడా ఇచ్చింది. రికార్డిస్టు బోర్డు మీద ఏవో బటన్లు అనవసరంగా సవరించుకుంటున్నాడు. రెండో టేకు కూడా పంపారు కదా, అది వింటే ఏం చేస్తారు అని ఆయన అడిగాడు. ఆవిడ ఫ్లాస్కును సంచిలో పెట్టుకుంది.

"అది వినకపోతేనే నయం. రెండోసారి చదువుతుంటే నాకే అనుమానం వచ్చింది, నిజంగానే పోయిందేమోనని. ఉట్టిగా అన్న మాటే, అయినా అన్న దగ్గర్నుంచి పొద్దున్నే లేచి నా మాట నేనే వినుకుంటున్నాను," అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"మొదటిది నువ్వు విన్నావా అమ్మా?"

వినలేదు. సోమవారం నుంచి ఆ ఫైలు నా చేతుల మీదుగానే తిరుగుతోంది. పంపాను, తిట్టుకున్నాను, తెరిచాను, నాలుగు అక్షరాలు అతికించాను. బాగైందో లేదో అని నొక్కి, మొదటి చప్పుడు వినిపించగానే ఆపేసి తర్వాతి ఫైలుకు వెళ్లిపోయాను. పదకొండు గొంతుల్లో ఒక్కటీ వినలేదు. అదే చెప్పాను, లేదు మేడమ్, తెరుచుకుందో లేదో చూశాను, అంతే అని.

రికార్డిస్టు తన కంప్యూటర్లో మొదటి టేకు పెట్టి స్పీకర్ పెంచాడు. ఒక తల్లి మాట్లాడుతోంది. ఇంట్లోంచి అలిగి వెళ్లిపోతున్న కూతురితో, గడప దగ్గర నిలబడి, ఉండిపొమ్మని అడగకుండా, గొడుగు తీసుకెళ్లమంటోంది. అంతే మాటలు. ఎక్కడా ఏడుపు లేదు. గొడుగు అన్న మాట దగ్గర మాత్రం గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఏమీ కానట్టు సాగింది. ఆ ఆగడం దగ్గర నా ఒళ్లు జలదరించింది.

ఆవిడ స్పీకర్ వైపు చూడటం లేదు. నా ముఖం వైపే చూస్తోంది. తన గొంతు ఉందో పోయిందో నా ముఖంలో వెతుక్కుంటోంది. ఆ అనుమానం ఆవిడకు పెట్టింది నేను, తీర్చమని కూడా నన్నే అడుగుతోంది.

"పోలేదు మేడమ్," అన్నాను. ఆఫీసు భాష మరిచిపోయి, "గొంతు గట్లనే ఉన్నది, ఏం కాలే," అన్నాను.

ఆవిడ ఊపిరి వదిలి, మరోసారి పెట్టమని రికార్డిస్టుకు సైగ చేసింది. ఈసారి ముగ్గురం చివరిదాకా విన్నాం.